శాటిలైట్ అలర్టు వచ్చింది, పోయి చూస్తే మంట లేదు. రిపోర్టులో ఏం రాయాలి?

కొత్త_బీటు:
నల్లమలలో టైగర్ రిజర్వు బీటు (ఒక గార్డు కాపలా కాసే అడవి ముక్క), కొత్త పోస్టింగు. ఫిబ్రవరి రాగానే ఫోనుకి ఎఫ్‌ఎస్‌ఐ (ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా) అడవి మంటల అలర్టులు వరసపెట్టాయి. సీనియర్లను మూడు సంగతులు అడగాలి. అలర్టులో ఇచ్చిన లొకేషన్‌కి పోతే ఒక్కోసారి బూడిద కూడా కనపడదు, ఎందుకని? నలుగురు వాచర్లు, ఒక బ్లోయరు (గాలితో ఆకు ఊదే మిషను) ఉన్నప్పుడు వాలు మీద మంటను ఎటు నుంచి అందుకోవాలి? రోజువారీ రిపోర్టులో కాలిన విస్తీర్ణం గడిలో అలర్టుకి 14 హెక్టార్ల లెక్కన వేసెయ్యమంటున్నారు, వేయొచ్చా?

మ్యాపు_డెస్కు:
మూడోదానికి ముందు చెప్తా. వేయకూడదు తమ్ముడూ. ఆ 14 ఎక్కడిదంటే, శాటిలైట్ మీద మంటల వేడిని పట్టే విర్స్ సెన్సరు బొమ్మలో ఒక్కో గడి (పిక్సెలు) 375 మీటర్లు. 375ని 375తో గుణిస్తే సుమారు 14 హెక్టార్లు. ఆ గడిలో ఎక్కడో అర హెక్టారు గట్టిగా మండుతున్నా అలర్టు వస్తుంది. రెండు పక్క గడులు వెలిగితే 28 హెక్టార్లు కాలాయని కాదు, ఒకే మంట రెంటి మధ్యలో ఉండొచ్చు. మోడిస్ అనే పాత సెన్సరు అలర్టు అయితే గడి కిలోమీటరు, అప్పుడు లెక్క ఇంకా అన్యాయం.

ఇక లొకేషన్. మీకు వచ్చేది గడి నడిబొడ్డు, మంట ఉన్న చోటు కాదు. శాటిలైట్ నెత్తిమీదుగా కాకుండా పక్కనుంచి పోతే గడి 800 మీటర్ల దాకా సాగుతుంది. పైగా విర్స్ మన మీదుగా పోయేది మధ్యాహ్నం, రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో. మెసేజి వచ్చి మీరు బయల్దేరేసరికి మంట పైకి, గాలివాటున జరిగిపోయి ఉంటుంది. కాబట్టి పాయింటు చుట్టూ కనీసం 400 మీటర్లు చూడండి, అదీ ఎగువ వైపు ముందు.

ఇంకో పొరపాటు చాలామందికి జరుగుతుంది. అలర్టులో డిగ్రీలు దశాంశంలో ఉంటాయి, చేతి జీపీఎస్ డిగ్రీలు-నిమిషాల్లో ఉంటుంది. 16.25 అంటే 16 డిగ్రీల 15 నిమిషాలు. దాన్ని 16 డిగ్రీల 25 నిమిషాలుగా కొడితే 18 కిలోమీటర్లు అవతల తేలతారు. ముందు జీపీఎస్ సెట్టింగు మార్చుకోండి.

అలర్టు రాలేదంటే మంట లేదనుకోవద్దు. మధ్యాహ్నం మూడింటికి అంటుకుని రాత్రి తొమ్మిదికి ఆరిపోయిన మంటను ఆ శాటిలైట్ అసలు చూడదు. దట్టమైన చెట్ల కింద పాకే చిన్న ఆకుమంటా అంతే.

దోర్నాల_ఫైర్‌లైను:
రెండో ప్రశ్న నాది. మంట ముందుకి ఎప్పుడూ పోవద్దు, వాలు మీద మంటకి ఎగువన అసలే నిలబడొద్దు. వాలు 10 డిగ్రీలు పెరిగితే మంట వేగం దాదాపు రెట్టింపు. సన్నటి వాగు గొందుల్లో అయితే పొగగొట్టంలో లాగినట్టు పైకి లాగేస్తుంది.

మొదలుపెట్టేది మంట వెనక నుంచి, అదీ బండిబాట, వాగు, రోడ్డు లాంటి కాలని చోటు ఆనుకుని. లేకపోతే మీరు పక్క ఆర్పుకుంటూ పోతుంటే మంట వెనకనుంచి చుట్టి వస్తుంది. అక్కడినుంచి ఒక పక్కంట ముందుకి పోవాలి. ముందు బ్లోయరు. అతని వెనక పచ్చి కొమ్మ పట్టుకున్న మనిషి. మూడో అతను రేకుతో (పళ్లున్న ఆకు లాగే పనిముట్టు) ఆకు లాగి మట్టి తేలేలా చేస్తాడు, ఆకు మంటకి మీటరు వెడల్పు చాలు. నాలుగో మనిషి చేత ఏ పనీ చేయించొద్దు. మంటనీ గాలినీ చూస్తూ, రవ్వలు ఎక్కడ పడుతున్నాయో కేకేసి చెప్పడమే అతని పని. మనిషి తక్కువని అతనికీ కొమ్మ ఇస్తారు, ప్రమాదాలు అక్కడే మొదలవుతాయి.

మంట నడుము ఎత్తు దాటితే చేతి పనిముట్లతో దగ్గరికి పోవద్దు. బోద గడ్డిలో మనిషిని మించి లేస్తుంది. అప్పుడు వెనక్కి వచ్చి ముందున్న ఫైర్ లైను (మంట దాటకుండా ఆకు ఊడ్చి ఉంచిన పట్టీ) మీదో, రోడ్డు మీదో కాచుకోవాలి. వెదురు పొదల్లోనూ అంతే, కణుపులు పేలి కొరివి ముక్కలు అవతల పడతాయి. బ్లోయరు గొట్టం నేలకి దగ్గరగా, కాలిన వైపుకి ఏటవాలుగా పట్టాలి. మంట మీదికి ఎదురుగా ఊదితే రవ్వలన్నీ మీరే అవతలికి పంపినట్టు.

గాలి తగ్గి చెమ్మ పెరిగేది తెల్లవారుజామున. నాలుగు నుంచి తొమ్మిది లోపు రెండు గంటల్లో అయ్యే పని, మధ్యాహ్నం ఆరు గంటలు పెట్టినా కాదు. ఎలుగుల సంగతి తెలుసుగా, చీకట్లో ఇద్దరి చేతుల్లోనన్నా టార్చి ఉండాలి. నైలాను, పాలిస్టరు బట్టలు వద్దు, కరిగి ఒంటికి అంటుకుంటాయి. నీళ్లు మనిషికి గంటకి లీటరు లెక్కన మోసుకుపోండి.

శేషాచలం_సెక్షను:
పైన చెప్పింది మట్టి ఉన్న చోటికి సరే అన్నా. మా వైపు, శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కులో, సగం చోట్ల రేకు ఆనడానికి మట్టే ఉండదు, అంతా రాయి. అక్కడ బండ నుంచి బండకి లైను కలుపుకుంటూ పోవాలి, మధ్యలో నెర్రెల్లో చేరిన ఆకు బ్లోయరుతో లాగాలి. ఆ నెర్రెల్లో నిప్పు రోజుల తరబడి కుములుతుంది. 2014 మార్చిలో తిరుమల కొండల మంటలకి వాయుసేన హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. పైనుంచి పోసే నీళ్లు మంటను అణుస్తాయే గానీ కింద మనిషి లేకపోతే మళ్లీ రాజుకుంటుంది.

ఆరింది అని రాయడానికి తొందరపడొద్దు. ఎండు పేడ, పుచ్చిన మొద్దు, తొర్ర ఉన్న ఇప్ప చెట్టు, ఈ మూడూ మోసం చేస్తాయి. వాలు మీద కాలే మొద్దు దొర్లి లైను దాటుతుంది. అందుకే దిగువ లైనుని కాలవలా తవ్వి, మట్టిని బయటి గట్టుకి పోయాలి. అంచు నుంచి లోపలికి 30 మీటర్ల దాకా బూడిదకి దగ్గరగా అరచేతి వెనక వైపు పెట్టి వేడి చూడండి. మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకి మళ్లీ పోయి చూడండి, లేచేది ఆ వేళకే. తొర్ర కాలుతున్న చెట్టుకి దాని ఎత్తుకి రెండింతల దూరంలో ఉండాలి.

డిసెంబరులో ఊడ్చిన ఫైర్ లైను మీద కూడా నమ్మకం పెట్టుకోవద్దు. ఆకు రాలడం మార్చి దాకా సాగుతుంది. పక్షం రోజులకోసారి ఊడవకపోతే అది లైను కాదు, మంటకి బాట.

కొత్త_బీటు:
చాలా థాంక్స్ అన్నలూ. మరి విస్తీర్ణం ఎలా కొలవాలి? కారణం గడిలో అందరూ ‘గుర్తు తెలియని వ్యక్తులు’ అనే రాస్తున్నారు. ఇంకోటి, బ్లోయరు అరగంటకే ఆగిపోతోంది.

మ్యాపు_డెస్కు:
విస్తీర్ణానికి జీపీఎస్ ట్రాకు ఆన్ చేసి కాలిన అంచు వెంట నడవడమే. లోపల కాలకుండా మిగిలిన పచ్చ ముక్కలు పెద్దవైతే తీసెయ్యండి. మరీ పెద్ద మంటైతే సెంటినెల్-2 శాటిలైట్ బొమ్మ ఐదు రోజులకోసారి వస్తుంది, ముందుదీ తర్వాతదీ పక్కన పెట్టి చూడాలి. ఒక్క బొమ్మే చూస్తే ఆకు రాలిన అడవీ కాలినట్టే కనిపిస్తుంది.

రిపోర్టులో టైములు విడివిడిగా వేయండి. శాటిలైట్ చూసిన టైము, మెసేజి వచ్చిన టైము, బయల్దేరింది, మంట కంటపడింది, చుట్టూ లైను పడింది, పూర్తిగా ఆరింది. మంట దొరక్కపోతే ‘వెతికాం, దొరకలేదు’ అని, ఎంత మేర తిరిగారో ట్రాకు జతచేయండి. ‘తప్పుడు అలర్టు’ అని రాయాలంటే దానికి ఆధారం ఉండాలి. బీటు పక్క పొలంలో మిరప కట్టె తగలబెట్టారా, మన వాళ్లే ఫైర్ లైను కాల్చారా చూడండి. మన వాళ్లు కాల్చినప్పుడు తేదీ, టైము బుక్కులో ఉంటే ఆ అలర్టు అక్కడికక్కడే తేలిపోతుంది.

దోర్నాల_ఫైర్‌లైను:
కారణం నేలే చెప్తుంది. మార్చి, ఏప్రిల్‌లో ఇప్ప చెట్టు కింద గుండ్రంగా కాలి ఉంటే పువ్వు ఏరడానికి పెట్టింది. ఫిబ్రవరి, మార్చిలో తునికి పొదల మధ్య మొదలైతే బీడీ ఆకు చిగురు కోసం. రోడ్డు అంచున మొదలైతే బీడీ ముక్కో, వంట పొయ్యో. చెట్టు మొదళ్ల మీద మసి ఏ వైపు ఎత్తుగా ఉందో చూడండి, గాలి అటే పోయింది. దానికి ఎదురు దిక్కున వెనక్కి నడిస్తే మొదలైన చోటు దొరుకుతుంది. అక్కడ తొక్కకుండా ముందు ఫొటోలు తీయండి. పీఓఆర్‌లో (నేరం మీద రాసే తొలి రిపోర్టు) 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం 20వ సెక్షను, అభయారణ్యమైతే 1972 వన్యప్రాణి చట్టం 30వ సెక్షను కలపాలి, నేషనల్ పార్కుకీ అదే వర్తిస్తుంది.

బ్లోయరుకి ముందు పెట్రోలు-ఆయిల్ పాళ్లు చూడండి. కంపెనీ టూ-స్ట్రోక్ ఆయిల్ అయితే చాలావాటికి లీటరుకి 20 మి.లీ., మీ మోడల్ పుస్తకంలో ఏముందో అదే ఖాయం. నెలల తరబడి నిలవ ఉన్న మిశ్రమం పోయొద్దు. దానికీ లొంగకపోతే ఎయిర్ ఫిల్టరు విప్పండి, బూడిదతో మూసుకుపోయి ఉంటుంది. మంట దగ్గర పని చేసిన బ్లోయరుకి అది రోజూ దులపాల్సిందే. పెట్రోలు మాత్రం ఇంజను చల్లారాక, మంటకి దూరంగా, కాలిపోయి చల్లబడ్డ నేల మీద పోయండి. ఒంపిన చోటే స్టార్ట్ చేయకుండా నాలుగడుగులు పక్కకి జరిగి తాడు లాగండి.