1800 నాటి దత్త మండలాల గుడార విడిది: నలభై మందికి కట్టెల పొయ్యి మీద వంట ఎలా?

ప్రశ్న: జమ్మలమడుగు మాస్టారు

సభ్యులందరికీ నమస్కారం. 1800లో నిజాము దత్త మండలాలనే మన ప్రాంతాన్ని ఈస్టిండియా కుంపిణీకి అప్పగించిన తరువాత, ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఊరూరా గుడారాలు వేసుకుంటూ భూములు కొలిపించి, శిస్తు నిర్ణయించిన సంగతి మీకు తెలిసినదే. ఆ విడిదులలో భూమి కొలిచే గొలుసు మోసినవారు, గుమాస్తాలు, బంట్రోతులు ఏ పొయ్యి మీద వండుకున్నారో, ఏమి తిని ఎలా పడుకున్నారో మా విద్యార్థుల చేత స్వయంగా చేయించి చూపాలని నా కోరిక. పుష్యమాసంలో, పెన్నా ఒడ్డున ఒక మిత్రుని చేనిలో రెండు రాత్రుల విడిదికి ఏర్పాట్లు చేస్తున్నాము. మొత్తం నలభై మందిమి ఉంటాము. గ్యాసు, ప్లాస్టిక్కు, సత్తు గిన్నెలు తేకూడదని ముందే అనుకున్నాము.

పోయిన నెలలో ఆరుగురము కలిసి ఒక పూట ప్రయోగం చేసి భంగపడ్డాము. గట్టు మీద దొరికిన నాపరాయి ముక్కలను మూడు పక్కల పెట్టి పొయ్యి వెలిగించగా, అరగంటలో ఒక రాయి టపాకాయలా పేలి, దాని పెచ్చు ఒక కుర్రవాని మోకాలికి తగిలింది. అదృష్టవశాత్తు చర్మం గీరుకుపోవడంతో సరిపోయింది. సంతలో కొన్న కొత్త కుండ అడుగు విడిపోయి ఉలవలన్నీ పొయ్యి పాలయ్యాయి. ఇక సంగటి సంగతి చెప్పనే అక్కరలేదు: పైన పచ్చిపిండి ఉండలు, అడుగున మాడు. గాలికి గుడారం మేకులు కూడా ఊడి వచ్చాయి. ఎక్కడెక్కడ పొరపాటు జరిగిందో, నలభై మందికి వండే తీరు ఏమిటో అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు. పప్పులో టమాటా వేయవచ్చునా, కూడదా అన్న తగవు కూడా మా ఉపాధ్యాయులలో తెగకుండా ఉంది.

జవాబు: అనంతపురం అక్కయ్య

మాస్టారు గారికి నమస్కారం. మా అమ్మమ్మ గారి ఊరిలో పెళ్ళికైనా, పరసకైనా (జాతరకైనా) కట్టెల మీదనే వండేవారు కనుక, నేను చూసినంత వరకు చెప్పగలను.

నాపరాయి పొరలు పొరలుగా ఉండే రాయి. ఆ పొరల నడుమ ఉన్న తేమ వేడికి ఆవిరై, బయటపడే దారి లేక రాయిని చీల్చివేస్తుంది. ఏటిలో నానిన గుండ్రాళ్ళ గతి కూడా ఇంతే. చాలాకాలంగా ఎండలో పడి ఉన్న గట్టి నల్లరాళ్ళను ఎంచుకొని, పిల్లలను దూరంగా ఉంచి, ఒకసారి ఉత్త మంట పెట్టి చూసిన తరువాతనే వాటిని వంటకు వాడండి. అయితే నలభై మందికి మూడు రాళ్ళ పొయ్యి చాలదు, గాడిపొయ్యి తవ్వించండి. గాలి వచ్చే దిక్కుకు ఒక కొస ఉండేటట్లు, మూరెడు లోతున, గిన్నె అంచులు గట్ల మీద నిలిచేటంత వెడల్పున పొడవుగా తవ్వితే, ఒకే వరుసలో మూడు గిన్నెలు పెట్టుకోవచ్చు. మంట గాడిలోనే ఉంటుంది కనుక నిప్పురవ్వలు ఎగరడం కూడా తగ్గుతుంది.

కొత్త కుండను ఒక పగలు, ఒక రాత్రి నీటిలో నానబెట్టి, ఆ తరువాత గంజి పోసి సన్నని సెగ మీద మెల్లగా కాచి, చల్లారనిచ్చి, లోపల కాస్త నూనె పూయాలి. ఇలా రెండు మూడు సార్లు చేస్తే కుండ పదును పడుతుంది. కాగిన కుండలో చన్నీళ్ళు పోయడం, తడినేల మీద దించడం ఈ రెండూ కుండకు మృత్యువులే. దించడానికి గడ్డితో పేనిన చుట్టకుదుళ్ళు ముందే సిద్ధం చేసుకోండి.

సంగటి చెడిపోవడానికి కారణం పిండి కాదు, మీ తొందర. మంట మీద ఎసరు మరుగుతుంది గాని, సంగటి ఉడికేది నిప్పుల మీదనే. నలభై మందికి నాలుగు కిలోల రాగిపిండి, రెండు కిలోల కొర్ర నూకలు లెక్క వేసుకొని, రెండు పెద్ద గిన్నెలకు పంచండి. నూకలు మెత్తబడిన తరువాత కొంత గంజి పక్కకు తీసి ఉంచుకొని, కట్టెలను వెనక్కు లాగి, పిండిని గిన్నె నడుమ కుప్పగా పోసి, కర్రతో దానికి అడుగు దాకా ఒక బొక్క చేసి మూత పెట్టాలి. పది, పదిహేను నిమిషాలు కదపకూడదు. ఆ బొక్కలోంచి పైకి వచ్చే ఆవిరికే పిండి ఉడుకుతుంది. తరువాత గిన్నెను కిందికి దించి, ఇద్దరు గట్టిగా పట్టుకోగా ఒకరు సంగటి కట్టెతో ఎనపాలి. గట్టిపడితే తీసి ఉంచిన గంజి పోసుకోవాలి. ఆరుగురికే కుదరనప్పుడు నలభై మందికి ఒక్కసారిగా చేయబోకండి. చేయి తిరిగిన ఇద్దరు ఆడవారినో, ఊరి పెద్దలనో పిలుచుకుంటే పిల్లలకు కూడా నేర్చుకున్నట్లు ఉంటుంది.

కట్టెల విషయం కూడా చెబుతాను. కందికంప వెంటనే అంటుకొని వెంటనే ఆరిపోతుంది కనుక, అది రాజేయడానికి, రొట్టెలకు పనికివస్తుంది. తుమ్మ కట్టె బొగ్గు నిలుపుతుంది. ఉలవలకు పిడకలే మేలు. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లవారేసరికి మెత్తగా ఉడికి ఉంటాయి. గన్నేరు కొమ్మలను మాత్రం పొయ్యి దరికి రానీయకండి. దాని పొగ కూడా విషమే.

జవాబు: పాత కైఫీయతు

టమాటా తగవును నేను తీర్చగలను: వేయకూడదు. ఆ కాలపు మన పల్లెటూరి వంటలో పులుపు అంటే చింతపండు, చింతచిగురు, గోగాకు (గోంగూర), మజ్జిగ. ఎండుమిరపకాయలకు అభ్యంతరం లేదు. మిరప పోర్చుగీసువారి ద్వారా 16వ శతాబ్దంలోనే మన దేశానికి చేరింది. అందరికీ కష్టం కలిగించే మాట ఒకటి చెప్పక తప్పదు. వేరుశనగ మన జిల్లాలలో విస్తారంగా సాగులోకి వచ్చింది 20వ శతాబ్దంలోనే కనుక, బుడ్డల (వేరుశనగల) ఊరుబిండి అనే పచ్చడి, బుడ్డల నూనె రెండూ మీ విడిదిలో ఉండరాదు. నువ్వుల నూనె, కుసుమ నూనె వాడండి, నువ్వుల పొడి నూరుకోండి. ఉర్లగడ్డ (బంగాళాదుంప), టీ కూడా వద్దు. (టీ లేకుండా ఉపాధ్యాయులు రెండు పూటలు నిలుస్తారా అన్నది వేరే చరిత్ర.)

పొద్దున జొన్న రొట్టె, ఉల్లిగడ్డ, కారం. మధ్యాహ్నం రాగి సంగటి, ఉలవచారు. రాత్రి కొర్రన్నం, గోగాకు పప్పు, మజ్జిగ అనుకుంటే చాలు. వరి అన్నం మెట్ట పొలాల వారికి రోజూ దొరికేది కాదన్న సంగతి పిల్లలకు కడుపుతో తెలుస్తుంది. సత్తు వద్దనుకోవడం సరైన నిర్ణయం: అల్యూమినియాన్ని చౌకగా తీసే పద్ధతి 1886లో గాని కనిపెట్టలేదు. ఇత్తడి, రాగి పాత్రలు తెచ్చుకుంటే కళాయి చెడకుండా ఉన్నదో లేదో చూసుకోండి. కళాయి పోయిన పాత్రలో చింతపండు పులుసు కాస్తే కిలుము దిగి వాంతులవుతాయి.

మన్రో కొలతలకు వాడించిన గొలుసు 33 అడుగులు. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు కలిస్తే గుంట; అటువంటివి నలభై అయితే ఎకరం. పిల్లల చేత అటువంటి తాడు ఒకటి కొలిపించి, పొయ్యికీ గుడారాలకూ నడుమ సరిగ్గా ఒక గొలుసు దూరం వదిలిపెట్టించండి. పాఠానికి పాఠం, నిప్పుకు జాగ్రత్త.

జవాబు: డాలస్‌లో కడపవాడు

ఇక్కడ అమెరికాలో ఇటువంటి విడిదులకు ఏళ్ళ తరబడి వెళ్తున్నాను కనుక రెండు మాటలు. రాకీ పర్వతాలలో ఉన్నితోళ్ళ వేటగాళ్ళు, వ్యాపారులు 1825 నుండి 1840 వరకు ఏటా వేసవిలో ఒకచోట కలుసుకునేవారు. ఆ కలయికను తిరిగి అభినయించేవారు 1840కి తరువాతి వస్తువు ఏదీ బయటికి కనిపించనీయరు. కనిపించనీయరు అన్నదే ముఖ్యం: మాంసం చెడకుండా ఐసు పెట్టెను తప్పక తెస్తారు, దాని మీద కంబళి కప్పుతారు. మీరు కూడా మందుల పెట్టెను, టార్చి లైట్లను ఒక గోనెసంచిలో దాచి దగ్గర ఉంచుకోండి.

పొయ్యి దగ్గర పనిచేసేవారు నూలు గాని, ఉన్ని గాని కట్టుకోవాలన్న నియమాన్ని ఇక్కడ ఎవరూ సడలించరు. నైలాను, పాలియెస్టరు బట్ట నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుపోతుంది. ఉన్ని అంత తేలికగా అంటుకోదు. మన కురుబలు నేసే నల్లకంబళి ఉండగా మీకు లోటేమిటి? రాత్రి చలికి కూడా దానిని మించినది లేదు.

పిల్లలకు చెకుముకి నేర్పండి. నూలు గుడ్డ ముక్కలను చిన్న రంధ్రం ఉన్న మూత డబ్బాలో పెట్టి, పొగ ఆగిపోయే వరకు నిప్పుల మీద ఉంచితే నల్లగా మాడిన గుడ్డ తయారవుతుంది. ఉక్కు ముక్కతో చెకుముకిరాయిని కొట్టగా లేచిన రవ్వ దాని మీద పడితే చాలు, ఎర్రగా రాజుకుంటుంది. దానిని ఎండుగడ్డి ఉండలో పెట్టి మెల్లగా ఊదాలి. రాపిడి అగ్గిపుల్ల పుట్టిందే 1826లో కనుక మీ కాలానికి అది పనికిరాదు.

జవాబు: నల్లరేగడి

అగ్గిపుల్ల విషయంలో నేను ఏకీభవించలేను. నలభై మంది ఆకలితో కూర్చున్నప్పుడు చెకుముకి అంటుకోకపోతే ఎలా? ఒక అగ్గిపెట్టె మాస్టారి జేబులో ఉండవలసినదే.

మేకులు ఊడిన కారణం మీ నేలలోనే ఉన్నది. రేగడి ఎండితే బీటలు వారుతుంది, జానెడు మేకు ఆ బీటలలో నిలవదు. మూరెడు పొడవున్న తుమ్మ మేకులను గుడారానికి ఎదురువాలుగా దిగగొట్టి, తాళ్ళ మీద బరువు రాళ్ళు పెట్టండి. పెట్టేముందు రాళ్ళ కింద తేళ్ళున్నాయేమో చూడండి. పొయ్యి చుట్టూ పది అడుగుల మేర జొన్న కొయ్యలు, ఎండుగడ్డి చెక్కించండి. లేచేటప్పుడు నిప్పుల మీద మన్ను కప్పి వెళ్ళిపోతారు చాలామంది. మన్ను కింద బొగ్గు చావదు. నీళ్ళు పోసి, కలియబెట్టి, మళ్ళీ పోసి, చేతి వెనుక భాగానికి వేడి తగలనంత వరకు చూడాలి.

ఎవరైనా గండికోటలోనే చేద్దామని సలహా ఇస్తే వినకండి. రక్షిత కట్టడాలలో అనుమతించిన చోట తప్ప వంట చేయడం, తినడం పురావస్తు శాఖ నియమాల ప్రకారం నిషిద్ధం.

జమ్మలమడుగు మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. ఈ ఆదివారం గాడిపొయ్యి తవ్వి, పదిమందికి సంగటి చేసి చూస్తాము. కుండలను నేటి నుండే నానబెట్టాము. అగ్గిపెట్టె నా జేబులోనే ఉంటుంది, పిల్లలకు చెప్పను. అక్కయ్య గారూ, ఒక సందేహం మిగిలింది: ఉలవలు ఉడికిన కుండలోనే చింతపులుసు పోయవచ్చునా?

అనంతపురం అక్కయ్య

మట్టికుండే కనుక నిశ్చింతగా పోయండి. అయితే ఉలవలు మెత్తబడిన తరువాతనే పోయాలి. ముందే పులుసు పడితే రాత్రంతా కాచినా అవి ఉడకవు. పులుసు కూడా వేడి చేసి పోయండి, చల్లటిది పోస్తే రెండో కుండ కూడా పోతుంది.