పెంచిన రాబందులను ఇప్పుడే అడవిలో వదలాలా?

కవ్వాల్_బాట:
2024లో పింజోర్ (హర్యానా) కేంద్రంలో పెంచిన ఇరవై రాబందులను మహారాష్ట్రకు తెచ్చారు. తడోబా పులుల అభయారణ్యానికి పది తెల్లవీపువి, పెంచ్ అభయారణ్యానికి పది పొడవుముక్కువి. కొన్ని నెలలు పంజరంలో అక్కడి వాతావరణం అలవాటు చేసి వదిలేశారు. 2013లో మన తెలంగాణలోని బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద రాబందుల గూళ్లు కనబడ్డప్పటి నుంచీ ఇక్కడా వదిలితే బాగుండునని చాలామంది అంటున్నారు. హైదరాబాద్ జూలోనూ పెంపక కేంద్రం ఉంది కదా అని. నేను మాత్రం వద్దంటాను. పశువులకు వేసే కొన్ని నొప్పి మందులు కళేబరాల ద్వారా రాబందుల ఒంట్లోకి వెళ్లి వాటిని చంపాయి, ఆ మందులు ఇంకా ఊళ్లలోనే ఉన్నాయి.

గద్దకన్ను:
ఒప్పుకోనండి. రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది, ఈడుకు రావడానికి దాదాపు ఐదేళ్లు. అన్నీ బాగుపడ్డాకే వదులుదామంటే పంజరంలోనే ముసలివైపోతాయి. పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని 2006లోనే ఆపేశారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్, ఆ తర్వాత నిమెసులైడ్ కూడా నిషేధించారు. నేపాల్ 2017లోనే వదిలింది, అక్కడ సంఖ్య పెరుగుతోంది. మనమే భయపడుతూ కూర్చున్నాం.

పశువుల_కాంపౌండర్:
గద్దకన్ను గారూ, నిషేధం గెజెట్‌లో ఉంటుంది, ఇంజెక్షన్ కొట్లో ఉంటుంది. మనుషుల కోసం అమ్మే పెద్ద డైక్లోఫెనాక్ సీసాలనే పశువులకు పొడిచేవారు. అందుకే 2015లో మనుషుల ఇంజెక్షన్ సీసాను 3 మి.లీ.కి కుదించారు. ఎసిక్లోఫెనాక్ పశువు ఒంట్లోకి వెళ్లాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది, అంటే ఒకదాన్ని ఆపి దాని తమ్ముణ్ణి ఇన్నేళ్లూ వదిలేశాం.

ఇంకో సంగతి. ఆరోగ్యంగా ఉన్న గేదెకు నొప్పి మందు ఎవరూ వేయరు. పొదుగువాపో, లేవలేని స్థితో వచ్చాక ఆఖరి ప్రయత్నంగా వేస్తారు. అది రెండు రోజుల్లో చస్తుంది. రాబందుకు దొరికేది సరిగ్గా ఆ గొడ్డే. మూత్రపిండాలు పాడై పక్షి పోతుంది. ఒక్క కళేబరం దగ్గరికి పదుల సంఖ్యలో వాలతాయి కాబట్టి, మందున్న కళేబరాలు నూటికి ఒకటి లేకపోయినా జాతి కుప్పకూలుతుందని లెక్కగట్టారు. తెల్లవీపు రాబందులు 99 శాతం పైగా పోయింది అలాగే. మెలాక్సికామ్ అనే నొప్పి మందు రాబందులకు ప్రమాదం లేనిది, బాగానే పనిచేస్తుంది. కానీ "వెంటనే లేచి నిలబడే మందు వెయ్యండి" అనే రైతుకు ఏం చెప్పాలి?

పాడి_సుబ్బయ్య:
రైతునే అంటారేం? మందు పేరు మాకు ఎవరు చెప్పారు? అసలు మా ఊళ్లో గొడ్డు చస్తే ఇప్పుడు జేసీబీ పిలిచి గొయ్యి తీసి పూడ్చేస్తున్నాం. మీ రాబందులు వచ్చి ఏం తింటాయి?

గద్దకన్ను:
సుబ్బయ్య గారిది న్యాయమైన ప్రశ్నే, అందుకే మందు వేయని కళేబరాలు పెట్టే చోట్లు కావాలి. బెజ్జూరులో అటవీశాఖ ఆ పని చేసింది. కానీ రాబందులు లేకపోతే నష్టం మనకే. అవి అంతరించడం వల్ల 2000-2005 మధ్య దేశంలో సుమారు ఐదు లక్షల మంది అదనంగా చనిపోయారని 2024లో ఇద్దరు ఆర్థికవేత్తలు అంచనా కట్టారు. కుళ్లిన కళేబరాలు, పాడైన నీళ్లు, కుక్కలు. పైగా వదిలిన పక్షికి ఎక్కడుందో చూపే ట్యాగ్ ఉంటుంది, ఎక్కడ చచ్చిందో తెలిస్తే మందు ఎక్కడుందో తెలుస్తుంది.

కవ్వాల్_బాట:
అంటే పక్షిని పంపి విషం వెతుకుతామా? అంత కష్టపడి పెంచిన దాన్నా? తడోబాలో వదిలిన ఒక రాబందు తమిళనాడు దాకా ఎగిరి అక్కడ కరెంటు షాక్‌తో చచ్చింది. అంత దూరం పోయే పక్షికి బెజ్జూరు మండలం శుభ్రంగా ఉంటే చాలదు. అందుకే రాబందులకు మందుల ప్రమాదం లేని రక్షిత ప్రాంతం అంటే చుట్టూ వంద కిలోమీటర్లు అంటారు. మీరు చెప్పిన నేపాల్ ముందు ఊళ్లలో డైక్లోఫెనాక్ ఏరేసి, ఆ తర్వాతే 2017లో వదిలింది. అమెరికాలో రాబందులాంటి పక్షి కాలిఫోర్నియా కాండర్‌ను చూడండి. 1987లో అడవిలో ఉన్నవాటన్నిటినీ పట్టేసి పెంచారు, మళ్లీ వదిలారు, సీసపు తూటాల విషంతో ఇప్పటికీ చస్తూనే ఉన్నాయి.

బెజ్జూరు చుట్టూ మందుల షాపులకు మామూలు కొనేవాళ్లలా మనుషులను పంపి తనిఖీ చేయించండి, వరసగా రెండేళ్లు నిషేధిత మందు దొరక్కపోతే నేనే వదలమంటాను.

పశువుల_కాంపౌండర్:
షాపులతో పాటు సంచీలు కూడా చూడాలి సార్. ఊళ్లలో సైకిల్ మీద తిరిగి సూది వేసేవాళ్ల దగ్గర బిల్లు ఉండదు.