తాగే తండ్రి, 16 ఏళ్ల కొడుకు: బాబుకు ఈఈజీ తీయించాలా వద్దా?

శీలానగర్ అమ్మ
మా ఆయన 11 ఏళ్లు తాగారు. సంక్రాంతి తర్వాత ఒక సెంటర్‌లో 28 రోజులు ఉండి మానేశారు. అక్కడ తలకు వైర్లు పెట్టి ఈఈజీ తీశారు, అదే మెదడు తరంగాలను గీసే పరీక్ష. బీటా తరంగాలు ఎక్కువున్నాయని రిపోర్టులో రాశారు. తర్వాత అక్కడి ఆయనొకరు, "తండ్రి తలలో ఉన్నదే కొడుకు తలలోనూ ఉంటుంది, బాబుకూ తీయించండి. ముందే బ్రెయిన్ ట్రైనింగ్ ఇస్తే గట్టెక్కుతాడు" అన్నారు. 40 సిట్టింగులట. చెప్పిన డబ్బు మా ఆయన రెండు నెలల జీతం. బాబు ఇంటర్ ఫస్టియర్, ఇంతవరకు మందు ముట్టలేదు. అప్పు చేసైనా చేయించనా?

పెదవాల్తేరు మాస్టారు
చేయించమ్మా. షుగర్ ఉన్న ఇంట్లో పిల్లలకు ముందే రక్తపరీక్ష చేయిస్తాం కదా, దీనికి వెనకాడడం ఎందుకు? ఇది కొత్త మాట కూడా కాదు. 1984లో అమెరికాలో హెన్రీ బెగ్లైటర్ బృందం, తాగుడుకు బానిసలైన తండ్రుల కొడుకులను పరీక్షించింది. 7 నుంచి 13 ఏళ్ల పిల్లలు, చుక్క కూడా తాగనివాళ్లు. అయినా పీ300 అనే అల వాళ్లలో మిగతా పిల్లలకంటే చిన్నగా కనిపించింది. బెంగళూరులోని మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్‌ వాళ్లూ ఇలాంటి కుటుంబాల్లో అదే చూశారు. మా తమ్ముడు 38 ఏళ్లకే లివర్ పాడై పోయాడు. మా నాన్నదీ అదే దారి. వాడికి పదహారేళ్లప్పుడు ఎవరైనా హెచ్చరించి ఉంటే అని ఇప్పటికీ బాధపడతాను.

ఈఈజీ టెక్నీషియన్, మద్దిలపాలెం
మాస్టారూ, మీరు చెప్పిన పరిశోధన నిజమే. కానీ అది గుంపుల సగటు. ఈ గుంపు సగటు చిన్నది, ఆ గుంపుది పెద్దది, అంతే. రెండు గుంపుల పిల్లలూ ఒకరిలో ఒకరు కలిసిపోయి ఉంటారు. అల చిన్నగా ఉన్నవాళ్లలో తాగనివాళ్లు ఎందరో. పైగా స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బులో, పిల్లల్లో ధ్యాస నిలవని ఏడీహెచ్‌డీలో కూడా ఆ అల తగ్గుతుంది, వయసును బట్టీ మారుతుంది. ఒక్క బాబు గ్రాఫ్ చూసి వీడు తాగుతాడని చెప్పగలిగినవాళ్లు లేరు. షుగర్ పరీక్షకు ఒక హద్దు అంకె ఉంది, దీనికి లేదు.

ఇంకోటి, ఆ సెంటర్‌లో తీసింది మామూలు ఈఈజీ అయి ఉంటుంది. పీ300 వేరు. ఒకే రకం శబ్దం వరసగా వినిపిస్తూ మధ్యలో వేరే శబ్దం వేస్తారు. అది గుర్తుపట్టినప్పుడు సుమారు 300 మిల్లీసెకన్లకు లేచే అల అది.

అమ్మా, ముఖ్యమైన సంగతి. బీటా అంటే సెకనుకు 13 నుంచి 30 సార్లు ఊగే వేగపు అల. ఏళ్ల తరబడి తాగినవాళ్లలో సగటున ఎక్కువే. మెదడుకు బ్రేకు లాంటి గాబా, యాక్సిలరేటర్ లాంటి గ్లుటమేట్ అనే రసాయనాలు సరితూగకపోవడం దీనికి కారణమంటారు. కానీ మందు మాన్పించేటప్పుడు ఇచ్చే లోరాజెపామ్, క్లోర్‌డయాజెపాక్సైడ్ మాత్రలు కూడా బీటాను బాగా పెంచుతాయి! దవడ బిగించి కూర్చున్నా కండరాల కదలిక బీటాలాగే కనిపిస్తుంది. ఈఈజీ తీసిన రోజు ఆయన ఏ మాత్రలు వేసుకుంటున్నారో చూశారా?

ట్రైనింగ్ సంగతికొస్తే, 1989లో పెనిస్టన్, కుల్కోస్కీ అనే పరిశోధకులు ఆల్ఫా-థీటా శిక్షణ, అంటే మెదడులో నెమ్మది అలలను పెంచుకోవడం నేర్పే శిక్షణ, మేలు చేసిందని రాశారు. చాలా చిన్న గుంపు, అందరూ తాగుడులో మునిగిన పెద్దవాళ్లే. తాగని పిల్లాడికి 40 సిట్టింగులు ఏ లెక్కన?

హార్బర్ అన్న
నేను మానేసి మూడేళ్లు. మొదటిసారి ఇంట్లోనే ఒక్కసారిగా ఆపేశాను. రెండో రోజు ఫిట్స్ వచ్చి జెట్టీ దగ్గర పడిపోయాను. బాగా తాగేవాళ్లు హఠాత్తుగా ఆపితే మొదటి రెండు రోజుల్లో అలా రావచ్చని ఆసుపత్రిలో చెప్పారు. మా వాళ్లంతా నాకు మనసు గట్టిది కాదన్నారు. ఆ మాట విన్న ప్రతిసారీ ఇంకా తాగాను. అందుకే ఇది మెదడు జబ్బు అంటే నాకు ఊరట. కానీ అదే మాట తాగని పిల్లాడి నుదుట రాయొద్దు. "నా తలే అంత" అనుకుంటే వాడిక ఆగడు.

పెదవాల్తేరు మాస్టారు
అంటే వంశం అబద్ధమా? కవలల మీద చేసిన పరిశోధనలు సగం వరకు జన్యువులదే అంటున్నాయి. ఈఈజీ వద్దంటే ఒప్పుకుంటాను, అసలేమీ చెప్పకుండా వదిలేయడానికి మాత్రం ఒప్పుకోను.

హార్బర్ అన్న
చెప్పాలి మాస్టారూ. నా కూతురికి నేనే చెప్పాను, ఫిట్స్‌తో సహా. దానికి మెషీన్ అక్కర్లేదు.

శీలానగర్ అమ్మ
డిశ్చార్జి కాగితం తీసి చూశాను. లోరాజెపామ్ అని రాసుంది, ఈఈజీ తీసింది నాలుగో రోజున. ఆ మాత్రల సంగతి నాకెవరూ చెప్పలేదు. బాబుకు తీయించడం లేదు. మా ఆయనే వాడితో మాట్లాడతానన్నారు. ఇంకొకటి అడగాలి. మానేసి మూడు నెలలు దాటినా ఆయనకు నిద్ర లేదు. రాత్రి రెండింటికి లేచి డాబా మీద తిరుగుతుంటారు. మళ్లీ తాగేస్తారేమోనని నాకూ టెన్షన్‌తో నిద్ర పట్టదు.

ఈఈజీ టెక్నీషియన్, మద్దిలపాలెం
చాలామందిలో ఉండేదే అమ్మా. గాఢనిద్రలో వచ్చే నెమ్మది అలలు ఏళ్ల తాగుడుతో తగ్గిపోతాయి, తిరిగి రావడానికి నెలలు పడుతుంది. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం తేవద్దు. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఓపీలో చూపించండి. డిశ్చార్జి కాగితం పట్టుకెళ్లండి. ఆయన పడుకున్న టైము, లేచిన టైము ఈ వారమంతా ఒక కాగితం మీద రాసి డాక్టరుకు ఇవ్వండి.