మే నెలలో యూరప్: 7 దేశాల ప్యాకేజీ తీసుకోవాలా, మేమిద్దరమే వెళ్లాలా?

అరండల్‌పేట 8వ లైను:

అందరికీ నమస్కారమండీ. మాది గుంటూరు, మావారికి మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉంది. వచ్చే మే నెలకి మా పెళ్లయి 25 ఏళ్లు. ఇన్నేళ్లలో మేమిద్దరమే కలిసి నాలుగు రోజులు ఎక్కడికీ వెళ్లింది లేదు. సరుకు వచ్చే రోజుల్లో ఆయనకి ఇంటికొచ్చి అన్నం తినే తీరిక కూడా ఉండదు, యార్డుకి వేసవి సెలవులు ఇస్తేనే కాస్త ఖాళీ. ఈసారి ఆ సెలవుల్లో యూరప్ వెళ్దామని ఆయనంతట ఆయనే అన్నారు. అందుకే ఏదో వెళ్లొచ్చాం అనిపించుకోవడం కాకుండా ఈ ప్రయాణం బాగా జరగాలని నా తాపత్రయం.

విజయవాడలో ఒక ట్రావెల్స్ వాళ్లు 12 రోజుల ప్యాకేజీ చెప్పారు. ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్, జర్మనీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, ఇటలీ, మొత్తం 7 దేశాలు, మనిషికి 3 లక్షల 40 వేలు, మన భోజనం వాళ్లే పెడతారట. బెంగుళూరులో ఉన్న మా అబ్బాయేమో అది వద్దమ్మా, టికెట్లు, హోటళ్లు నేను బుక్ చేసి పెడతాను, మీరిద్దరే వెళ్లండి అంటున్నాడు. నాకు ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, మాట్లాడాలంటే తడబడతాను. ఆయనకి కుడి మోకాలి నొప్పి, మెట్లు ఎక్కువ ఎక్కలేరు. మేం గుడ్డు కూడా ముట్టం. ఇలాంటి వాళ్లం సొంతంగా వెళ్లి రాగలమా? వెళ్తే ఏ దేశాలు ఉంచుకోవాలి, ఏవి వదిలెయ్యాలి? వీసా సంగతి కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

పటమట నుంచి:

అక్కా, వెళ్లి రాగలరు. నిరుడు జూన్‌లో మా ఆవిడా నేనూ ఇలాగే వెళ్లొచ్చాం కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. 7 దేశాలు మాత్రం వద్దు. 12 రోజుల్లో రానూపోనూ విమానాలకే రెండు రోజులు పోతాయి, మిగిలిన 10 రోజుల్లో 7 దేశాలంటే పొద్దున్నే పెట్టె సర్దడం, రాత్రికి పెట్టె విప్పడం, మధ్యలో అంతా బస్సే. మూడు చాలు. ఇంకో రెండు మూడు రోజులు కలిసొస్తే పారిస్‌లో 4 రాత్రులు, స్విట్జర్లాండ్‌లో 5, వెనిస్‌లో 2, రోమ్‌లో 2 పెట్టుకోండి.

విమానం టికెట్ హైదరాబాద్ నుంచి పారిస్‌కి, తిరుగు రోమ్ నుంచి హైదరాబాద్‌కి తీసుకోమని అబ్బాయికి చెప్పండి, మల్టీ సిటీ అని ఉంటుంది. అలా అయితే మళ్లీ వెనక్కి పారిస్ పోయే పని ఉండదు. మధ్యలో అంతా రైలే. పారిస్ నుంచి జూరిచ్‌కి నాలుగు గంటలు, అక్కడి నుంచి మిలాన్‌కి మూడున్నర లోపే, మిలాన్ నుంచి వెనిస్ రెండున్నర, వెనిస్ నుంచి రోమ్ నాలుగు. స్టేషన్లు ఊరి నడిబొడ్డునే ఉంటాయి, హోటల్ కూడా స్టేషన్‌కి దగ్గర్లో చూసుకుంటే టాక్సీ గొడవే ఉండదు. స్విట్జర్లాండ్‌కి స్విస్ ట్రావెల్ పాస్ అని ఒకటుంది, అది కొనుక్కుంటే రైళ్లు, ఊరి బస్సులు, సరస్సుల మీద తిరిగే పడవలు అన్నిటికీ అదే టికెట్, కౌంటర్ దగ్గర ఇంగ్లీషులో మాట్లాడాల్సిన అవసరమే రాదు.

ఇక వీసా. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఇటలీ మూడూ షెంగెన్ కిందకే వస్తాయి, మొత్తం 29 దేశాలకి ఒకటే వీసా. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంగెన్‌లో ఉంది. లండన్ అందులో లేదు, దానికి వేరే వీసా. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే అప్లై చెయ్యాలి, అంటే పైన చెప్పిన లెక్కలో మీది స్విస్ వీసా. ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, సర్వీస్ చార్జీ వేరే. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు వచ్చే ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. వేలిముద్రలు ఇవ్వడానికి మేం హైదరాబాద్ వెళ్లాం. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే అప్లై చెయ్యొచ్చు, వేసవికి అందరూ ఎగబడతారు కాబట్టి ఫిబ్రవరి దాటనివ్వకండి. ఇంకోటి, పాస్‌పోర్ట్ గడువు మీరు తిరిగొచ్చే తేదీకి ఇంకా 3 నెలలు మిగిలి ఉండాలి. ఇది ముందు చూసుకోండి.

సత్యనారాయణపురం:

అమ్మా, నేను బ్యాంకులో రిటైరయ్యాను. రెండేళ్ల క్రితం మే నెలలో మా ఇద్దరం ప్యాకేజీలోనే వెళ్లాం, అదీ 7 దేశాలే. ప్యాకేజీని పూర్తిగా కొట్టిపారెయ్యను. పెట్టెలు మొయ్యక్కర్లేదు, రాత్రికి పప్పూ అన్నం, మజ్జిగ దొరికాయి, దారి తప్పుతామన్న భయం లేదు, బస్సులో మనలాంటి జంటలే ఉంటారు కాబట్టి కబుర్లకి లోటు లేదు. ఒంట్లో బాగోకపోతే చూసుకునే మనిషి పక్కనే ఉంటాడు. మా వయసుకి అది పెద్ద విషయం.

కానీ ఏం పోగొట్టుకున్నామో కూడా చెప్పాలి. స్విట్జర్లాండ్‌లోని లూసర్న్‌లో నది మీద పాతకాలపు చెక్క వంతెన ఉంది, కింద నీళ్లు పచ్చగా అడుగు కనపడేటంత తేటగా ఉంటాయి, హంసలు తిరుగుతుంటాయి. మా ఆవిడ పిట్టగోడ పట్టుకుని ఆ హంసల్నే చూస్తూ నిలబడింది. ఆవిడ అలా నిమ్మళంగా నిలబడటం నేను చూసి ఎన్నేళ్లయిందో. అంతలో గైడు ఈల వేశాడు, బస్సు కదులుతోంది రమ్మని. అక్కడ మాకు ఇచ్చింది 45 నిమిషాలు. ఇప్పటికీ యూరప్ మాట వస్తే ఆవిడ ఆ వంతెన గురించే అడుగుతుంది.

ఈఫిల్ టవర్ సంగతీ అంతే. చీకటి పడ్డాక గంట గంటకీ ఐదు నిమిషాలు టవర్ మొత్తం మిణుకు మిణుకుమంటుంది. మే చివర్లో పారిస్‌లో రాత్రి పది అవుతుంటే గానీ చీకటి పడదు. మా వాళ్లేమో ఎనిమిదింటికే భోజనం పెట్టించి ఊరి బయట హోటల్‌కి తీసుకుపోయారు, మేం దాన్ని పగటి వెలుగులోనే చూశాం. ఇందులో గైడు తప్పు కూడా లేదు. అక్కడ బస్సు డ్రైవర్ రోజుకి ఇన్ని గంటలే నడపాలి, నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆపి తీరాలి అని చట్టం, బస్సులోని మీటర్‌లో అంతా రికార్డవుతుంది. పొద్దున ఒక జంట 20 నిమిషాలు ఆలస్యంగా దిగితే ఆ 20 నిమిషాలూ మనం చూడాల్సిన ఊళ్లోంచి కోసేస్తారు.

ప్యాకేజీకే పోతే డబ్బు కట్టే ముందు వాళ్లని గట్టిగా అడగండి: హోటల్ ఊరికి ఎన్ని కిలోమీటర్లు, ఏ రోజు ఎన్ని గంటలు బస్సు, ఈఫిల్ టవర్ ఏ అంతస్తు దాకా, ఏ ఊరు లోపలికి వెళ్లి చూస్తాం, ఏది బస్సు కిటికీలోంచి చూపిస్తారు. మాకిచ్చిన కాగితంలో అన్నీ ఒకేలా రాసున్నాయి, బ్రస్సెల్స్ మేం కిటికీలోంచే చూశామని అక్కడికి వెళ్లాక తెలిసింది.

బ్రాడీపేట:

వదిన గారూ, మేమూ మీలాగే గుడ్డు ముట్టం, రెండుసార్లు వెళ్లొచ్చాం, తిండికి ఇబ్బంది పడలేదు. హోటల్ బదులు వంటగది ఉన్న చిన్న అపార్ట్‌మెంట్ తీసుకోమనండి, ముఖ్యంగా స్విట్జర్లాండ్‌లో, అక్కడ బయట తింటే బిల్లు చూసి గుండె ఆగుతుంది. బియ్యం, పెరుగు, కూరగాయలు సూపర్ మార్కెట్లో దొరుకుతాయి. ఆదివారం మాత్రం కొట్లు మూసేస్తారు, పెద్ద రైల్వే స్టేషన్లలో ఉండేవే తెరుస్తారు, శనివారమే తెచ్చి పెట్టుకోండి.

ఇక్కడి నుంచి గోంగూర పచ్చడి, కందిపొడి, కారప్పొడి, అటుకులు పట్టుకెళ్లండి. పచ్చడి సీసాలో వద్దు, పైన నూనె కాస్త వంచేసి చిక్కగా ఉన్నది రెండు కవర్లలో పోసి, వేడి మీద అతికించి, దాన్ని స్టీలు డబ్బాలో పెట్టి, పెద్ద పెట్టెలోనే వెయ్యండి. చేతి సంచిలో అయితే సెక్యూరిటీ దగ్గర తీసి పారేస్తారు. నెయ్యి, పాలకోవా, పనీర్ తీసుకెళ్లకండి, ఇక్కడి పాల పదార్థాలు, మాంసం వాళ్లు లోపలికి రానివ్వరు. పచ్చి కరివేపాకు, కొత్తిమీర కూడా అంతే. మొదటిసారి నేను అరకిలో నెయ్యి పట్టుకెళ్లి ఎయిర్‌పోర్టులో వదిలేసి వచ్చాను.

ఇటలీలో పిజ్జా మారినారా అని అడగండి, టమాటా, వెల్లుల్లి, నూనె అంతే, చీజ్ ఉండదు. అసలైన పార్మేజాన్ చీజ్‌ని దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో తోడుపెడతారు, పాస్తా మీద చల్లుతారు, వద్దని ముందే చెప్పాలి. రోమ్‌లో వీధి పంపుల నీళ్లు చల్లగా ఉంటాయి, తాగొచ్చు, ఖాళీ సీసా దగ్గర పెట్టుకోండి.

అన్నయ్య గారి మోకాలి గురించే నా బెంగ. పారిస్ మెట్రోలో చాలా స్టేషన్లకి లిఫ్టు లేదు, మెట్లే, అందుకని అక్కడ సిటీ బస్సు ఎక్కండి, ఊరూ కనపడుతుంది. వెనిస్‌లో కార్లు, ఆటోలు ఏమీ ఉండవు, పడవ దిగితే నడకే, పైగా ప్రతి వంతెనకీ అటూ ఇటూ మెట్లు. మేం పెట్టెలు మోసుకుంటూ ఏడు వంతెనలు దాటాం. నన్నడిగితే వెనిస్ తీసేసి ఆ రెండు రాత్రులూ రోమ్‌లో కలుపుకోండి.

పటమట నుంచి:

వెనిస్ తీసెయ్యొద్దనే నేనంటాను. మెస్త్రే అని పక్కనే ఉంది, అక్కడ బస చేసి పెట్టెలు గదిలో వదిలేసి వెళ్తే రైల్లో పది నిమిషాలే. స్టేషన్ బయటే 1వ నంబర్ పడవ ఎక్కితే గ్రాండ్ కెనాల్ పొడవునా తిప్పి అక్కడి పెద్ద కూడలి సాన్ మార్కో దాకా తీసుకుపోతుంది, ఒక్క వంతెన కూడా ఎక్కక్కర్లేదు. కాకపోతే అన్నయ్య నొప్పి ఏపాటిదో మీకే తెలుస్తుంది.

అరండల్‌పేట 8వ లైను:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా థాంక్సండీ. బాబాయి గారూ, పిన్ని గారి వంతెన గురించి మావారికి చదివి వినిపించాను, ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ప్యాకేజీ వద్దులే అన్నారు. వెనిస్ మాత్రం ఆయన వదలనంటున్నారు, మెస్త్రేలోనే ఉంటాం. ఇంకొక్క సందేహం. ఆయనకి మంచు కొండ ఎక్కాలని కోరిక, స్విట్జర్లాండ్‌లోని యుంగ్‌ఫ్రావ్ కొండ వీడియోలు రోజూ చూస్తున్నారు. మోకాలితో అక్కడికి వెళ్లొచ్చా?

పటమట నుంచి:

నిక్షేపంగా వెళ్లొచ్చు అక్కా, ఎక్కేది రైలు. యుంగ్‌ఫ్రావ్ యోహ్ స్టేషన్ 3,454 మీటర్ల ఎత్తున ఉంది, కొండని తొలిచి 1912లోనే ఆ రైలు మార్గం పూర్తి చేశారు. గ్రిండెల్వాల్డ్ నుంచి ముందు రోప్‌వే, తర్వాత రైలు, మొత్తం 45 నిమిషాలు. పైన గాలి పల్చగా ఉంటుంది, గబగబా నడవకండి, దిగగానే పది నిమిషాలు కూర్చోండి. బీపీ, గుండె ఇబ్బంది ఏమైనా ఉంటే ముందు డాక్టర్ని అడగండి. మే నెలలోనూ పైన మంచే, స్వెట్టర్, జారని బూట్లు కావాలి.

ఒక్క జాగ్రత్త. ట్రావెల్ పాస్ ఉన్నా పై దాకా ఉచితం కాదు, తగ్గింపు మాత్రమే, మిగతాది బాగానే అవుతుంది. మేం ఇక్కడి నుంచే తేదీ వేసి కొనేశాం, ఆ రోజు పైకి వెళ్తే అంతా మబ్బు, చెయ్యి చాపితే చెయ్యి కనపడలేదు. మీరు అలా చెయ్యకండి. ఆ చుట్టుపక్కల మూడు రాత్రులు ఉండండి, పొద్దున్నే వాళ్ల వెబ్‌క్యామ్‌లో కొండ ఎలా ఉందో చూసి, తెరిపిగా ఉన్న రోజే టికెట్ కొనండి. మిగతా రెండు రాత్రులు లూసర్న్‌లో. అక్కడి నుంచి రిగి కొండకి పడవ, పట్టాల మీద రైలు రెండూ పాస్‌లోనే వస్తాయి, మెట్లు ఎక్కే పనే లేదు.

అరండల్‌పేట 8వ లైను:

రాసుకున్నానండీ. లూసర్న్‌లో రెండు రాత్రులు ఖాయం, ఆ వంతెన మీద ఒక సాయంత్రం అంతా ఉంటాం. ఇప్పుడే బీరువాలోంచి పాస్‌పోర్టులు తీసి చూశాను. నాది బాగానే ఉంది, ఆయనది ఆగస్టు 11తో అయిపోతోంది. మేం తిరిగొచ్చేది జూన్ మొదటి వారం, అంటే 3 నెలలు సరిపోవు. సోమవారమే రెన్యువల్‌కి పెట్టిస్తున్నాం.