వెట్‌సూట్ ఎంత బిగుతుగా ఉండాలి? అద్దెదైతే చలి, కొత్తదైతే ఊపిరాడట్లేదు

తొలిబుడగ:
అందరికీ నమస్కారం. స్కూబా డైవింగ్‌లో మొదటిదైన ఓపెన్ వాటర్ కోర్సు అయ్యాక ఇప్పటికి ఎనిమిది డైవ్‌లు చేశాను, అన్నీ అద్దె వెట్‌సూట్లతోనే (నీళ్లలో చలి ఆపడానికి ఒంటికి బిగుతుగా వేసుకునే రబ్బరు సూట్లు). 5 మి.మీ. మందం సూట్ వేసుకున్నా ఇరవై నిమిషాలకే వణుకు మొదలవుతోంది. అవే నీళ్లలో నా బడ్డీ (జతగా డైవ్ చేసే తోడు) 3 మి.మీ. సూట్‌తో హాయిగా ఉంటున్నాడు. సొంతది ఉంటే బాగుంటుందని సైజు చార్ట్ చూసి 5 మి.మీ. సూట్ తెప్పించుకున్నాను. నిన్న ఇంట్లో వేసుకోవడానికే ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. జిప్ వేశాక మెడ పట్టేసినట్టు ఉంది, భుజాలు కిందికి గుంజుతున్నాయి. నీళ్లలోకి దిగితే సర్దుకుంటుందని ఒకరు, పెద్ద సైజు తీసుకోమని ఇంకొకరు చెబుతున్నారు. మార్చుకోవడానికి వారమే గడువు. చాలా టెన్షన్‌గా ఉంది. మీ అనుభవాలు చెప్పండి.

పగడపుతీగ:
మీ చలికి కారణం మందం కాదండీ, వదులు. గాలితో పోలిస్తే నీరు ఒంటి వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. సూట్ లోపలికి చేరిన కాసిని నీళ్లు అక్కడే నిలిచిపోతే ఒళ్లు వాటిని ఒక్కసారి వేడి చేస్తే చాలు. వదులుగా ఉంటే ఆ వెచ్చటి నీళ్లు పోయి కొత్త చల్లనీళ్లు వస్తూనే ఉంటాయి. నేను మొదట్లో వాడిన సూట్‌లో తల పక్కకి తిప్పినప్పుడల్లా వెన్ను మీద చల్లటి నీటి చార ఒకటి మెడ నుంచి నడుము దాకా జారేది. ఆ డైవ్‌లో ఏం చూశానో గుర్తులేదు, ఆ చార మాత్రం ఇప్పటికీ గుర్తుంది. మీకూ అలా జరిగిందా?

తొలిబుడగ:
అచ్చం అలాగే అండీ. పైగా నడుము దగ్గర నీళ్లు సంచిలో నిలిచినట్టు ఉండేది.

నిదానం:
నేను చాలా ఏళ్లుగా డైవింగ్ నేర్పిస్తున్నాను. సూట్ తిరిగి పంపే ముందు ఒక్కసారి నేను చెప్పినట్టు వేసుకుని చూడండి. భుజాలు బిగుతని చెప్పేవాళ్లలో చాలామందికి అసలు చిక్కు కాళ్ల దగ్గర ఉంటుంది. ప్యాంటులా గబగబా పైకి లాగేస్తారు, తొడల మధ్య నాలుగు వేళ్ల ఖాళీ మిగిలిపోతుంది. కింద మిగిలిన ఆ పొడవు పైన తక్కువై భుజాల్ని గుంజుతుంది.

సూట్‌ని నడుము దాకా తిరగేయండి. పాదానికి పల్చటి ప్లాస్టిక్ సంచి తొడుక్కుంటే మడమ సులువుగా జారుతుంది. ముందు చీలమండ దగ్గర సరిగ్గా కూర్చోబెట్టి, తర్వాత పిక్క, మోకాలు, తొడ, ఇలా కొద్దికొద్దిగా పైకి జరుపుకుంటూ రండి. మోకాలి ప్యాడ్ మోకాలి మీదే ఉండాలి. తొడల సందులో ఖాళీ ఏమీ మిగలకుండా చూసుకున్నాకే చేతుల జోలికి వెళ్లండి. లాగేటప్పుడు గోళ్లు తగలనివ్వకండి, సూట్ రబ్బరు, అంటే నియోప్రీన్, అర్ధచంద్రాకారంగా తెగుతుంది. వేళ్ల మెత్తటి భాగంతో ఎక్కువ గుడ్డ పట్టుకుని లాగండి. జారడానికి వాజెలీన్ లాంటి పెట్రోలియం సరుకు రాయకండి, నియోప్రీన్ పాడవుతుంది. నీళ్లు చాలు, లేదంటే లోపల పల్చటి లైక్రా సూట్.

వేసుకున్నాక నాలుగు చోట్ల చూడండి: వీపు కింది వంపు, చంకలు, తొడల సందు, మోకాళ్ల వెనక. వీపు వంపు దగ్గర గుడ్డ పట్టుకుని లాగి వదిలితే లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు వచ్చిందంటే అక్కడ ఖాళీ ఉన్నట్టే, నీళ్లు పంపు కొట్టినట్టు ఆడతాయి. తర్వాత గొంతుక్కూర్చోండి, చేతులు పైకెత్తండి, ఛాతీ మీద చేతులు కట్టుకోండి. గుండెనిండా గాలి పీల్చండి. నిండా పీల్చలేకపోతే ఆ సూట్ మీది కాదు. ఒంటిని అన్నివైపులా గట్టిగా హత్తుకున్నట్టు ఉండొచ్చు గానీ ఊపిరికి అడ్డం రాకూడదు.

లోతుపిలుపు:
నిదానం గారు చెప్పిందంతా నిజం. కానీ "నీళ్లలో సర్దుకుంటుంది" అన్న మాట పూర్తిగా కొట్టేయకండి. తడిసిన నియోప్రీన్ పొడిగా ఉన్నప్పటికన్నా కాస్త మెత్తబడుతుంది. నా 7 మి.మీ. సూట్‌తో ఇంట్లో మోచేయి మడవడమే కష్టంగా ఉండేది, నీళ్లలో అంత ఇబ్బంది లేదు.

ఉప్పుగాలి:
అన్నా, చేతుల సంగతి అయితే ఒప్పుకుంటాను. మెడ విషయంలో మాత్రం ఆ మాట నమ్మొద్దు. నేను నమ్మి చాలా ఇబ్బంది పడ్డాను. పడవ మీద అరగంట జిప్ వేసుకునే కూర్చున్నాను. దూకడానికి లేచేసరికి చెవుల్లో హోరు, కళ్లముందు చీకట్లు. బడ్డీ చూసి వెంటనే జిప్ కిందికి లాగాడు, రెండు నిమిషాల్లో మామూలయ్యాను. ఆ రోజు డైవ్ మానేశాను. మెడకు రెండు పక్కలా మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమనులు ఉంటాయి. రక్తపోటును కనిపెట్టే నరాలు అక్కడే ఉంటాయి. వాటిని బయటినుంచి నొక్కితే రక్తపోటు పెరిగిందనుకుని శరీరం గుండె వేగం తగ్గించేస్తుంది. నీళ్లలో స్పృహ తప్పితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. తొలిబుడగ గారూ, మీ రాతలో నన్ను భయపెట్టింది మెడ గురించిన ఆ ఒక్క ముక్కే. దయచేసి దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

నీలికెరటం:
ఆడవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే నా మాట కూడా వినండి. మూడేళ్లు మగవాళ్ల కొలతల సూట్లే వాడాను. తుంటికి సరిపోయేది తీసుకుంటే నడుము దగ్గర వదులు, ఛాతీకి సరిపోయేది తీసుకుంటే భుజాలు జారిపోయేవి. ఆడవాళ్ల కటింగ్ ఉన్నది వేసుకున్న రోజు ఇన్నాళ్లూ అనవసరంగా వణికానని బాధేసింది. చార్ట్‌లో ఎత్తూ బరువూ మాత్రమే చూస్తే ఎవరికీ సరిపోదు. ఛాతీ, నడుము, తుంటి టేపుతో కొలవండి, ఇంకొకరి చేత కొలిపించుకుంటే ఇంకా మంచిది. వాటితోపాటు మెడ కింది ఎముక నుంచి తొడల సందు దాకా మొండెం పొడవు కూడా తీసుకోండి. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్లు పొడవు, ఇంకొకరికి మొండెం పొడవు ఉంటుంది. చార్ట్‌లో ఏ సైజూ కుదరకపోతే కొలతలిచ్చి కుట్టించుకోవడమే.

తొలిబుడగ:
అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి మళ్లీ వేసుకున్నాను. నిదానం గారు చెప్పినట్టే తొడల దగ్గర ఖాళీ ఉంది. సరిచేశాక చేతులు లేస్తున్నాయి, ఊపిరి కూడా బాగానే ఆడుతోంది. కానీ భుజాలు ఇంకా గుంజుతున్నాయి, మెడ ముందువైపు గొంతు మీద ఒత్తుతోంది. నీలికెరటం గారి మాట ప్రకారం మా అన్నయ్య చేత కొలిపించుకున్నాను. ఛాతీ, నడుము చార్ట్‌కి సరిగ్గా ఉన్నాయి, మొండెమే పొడవు.

నిదానం:
తెలిసిపోయింది. పెద్ద సైజుకి మాత్రం వెళ్లకండి. పొడవు కోసం పెద్దది తీసుకుంటే ఛాతీ, నడుము వదులై మళ్లీ అద్దె సూట్ కథే. అదే చుట్టుకొలతతో పొడగరుల సైజు ఉంటుంది, దానికి మార్చుకోండి. మొండెం చాలినప్పుడు మెడ కూడా దాని చోట అది కూర్చుంటుంది.

తొలిబుడగ:
(పదిహేను రోజుల తర్వాత) మార్చుకున్నాను. పొడగరుల సైజు. వేసుకోవడానికి ఎనిమిది నిమిషాలు. ముందు స్విమ్మింగ్ పూల్‌లో గంట ఉండి చూశాను, నిన్న డైవ్‌కి వెళ్లాను. దూకగానే మెడలోంచి కొంచెం చల్లనీళ్లు దిగాయి, అంతే, తర్వాత ఎంత తల తిప్పినా ఆ చార లేదు. 47 నిమిషాలు ఉన్నాను, వణుకు లేదు! ఒక్క సందేహం. అద్దె 5 మి.మీ.తో, మునగడానికి కట్టుకునే వెయిట్ 6 కిలోలు సరిపోయేది. ఇప్పుడు అదే 5 మి.మీ., 6 కిలోలతో చివర్లో, పైకి వచ్చేముందు కాసేపు ఆగే సేఫ్టీ స్టాప్ దగ్గర నిలబడలేక పైకి తేలిపోబోయాను. ఎందుకిలా?

నిదానం:
చాలా సంతోషం! నియోప్రీన్ అంటే రబ్బరులో చిన్నచిన్న గ్యాస్ బుడగలు. వెచ్చదనం ఇచ్చేవీ, తేల్చేవీ అవే. 10 మీటర్ల లోతులో పీడనం పైకన్నా రెట్టింపు, 30 మీటర్లలో నాలుగింతలు. లోతుకి వెళ్లిన ప్రతిసారీ ఆ బుడగలు నలుగుతాయి. ఏళ్ల తరబడి నలిగిన అద్దె సూట్ పేరుకే 5 మి.మీ., పల్చబడి ఉంటుంది. మీదింకా నిండుగా ఉంది కాబట్టి ఎక్కువ తేలుస్తుంది. డైవ్ చివర్లో ట్యాంక్‌లోని గాలి బరువు కూడా తగ్గిపోయి ఉంటుంది.

వెయిట్ కొత్తగా చూసుకోండి. బీసీడీలో (తేలడానికి గాలి నింపుకునే జాకెట్) గాలంతా తీసేసి, మామూలుగా ఊపిరి పట్టి నిటారుగా ఉంటే నీళ్లు కళ్ల ఎత్తులో ఉండాలి, ఊపిరి వదలగానే మెల్లగా మునగాలి. ట్యాంక్ నిండుగా ఉన్నప్పుడు చూస్తే ఆపైన సుమారు 2 కిలోలు కలుపుకోండి. మంచినీళ్లలో చూసిన లెక్క ఉప్పునీళ్లకి పనికిరాదు, అక్కడ ఇంకా ఎక్కువ పడుతుంది.

ఉప్పుగాలి:
మెడ ఎలా ఉంది?

తొలిబుడగ:
రెండు వేళ్లు కాస్త కష్టంగా దూరుతున్నాయి. మింగితే ఒత్తట్లేదు. అయినా మీరు రాసింది చదివాక దూకే ముందు దాకా జిప్ తీసే ఉంచుతున్నాను, బడ్డీకి కూడా చెప్పి పెట్టాను.