పాటంతా ఒకటే మోత: తప్పు మాస్టరింగ్ వాళ్ళదా, వినేవాళ్ళదా?

కావలి క్యాసెట్:
ఆదివారం నాన్నను కార్లో కావలి నుంచి నెల్లూరు తీసుకెళ్తూ పెన్‌డ్రైవ్ పెట్టా. అందులో బాలు గారి పాత పాటలు, ఈమధ్య సినిమా పాటలు కలిసిపోయి ఉన్నాయి. పాతదానికి వాల్యూమ్ 22 పెడితే, కొత్తది రాగానే నాన్న ఉలిక్కిపడ్డాడు. 12కి దించితే తర్వాత వచ్చిన పాతది వినపడదు. కోవూరు వచ్చేసరికి తిప్పీ తిప్పీ విసుగొచ్చి ఆపేశా.

ఇంటికొచ్చి రెండూ ఆడాసిటీలో (శబ్దాన్ని గీతల బొమ్మగా చూపించే సాఫ్ట్‌వేర్) తెరిచి చూశా. పాతది ఎగుడుదిగుడుగా ఉంది. కొత్తది మొదటి నుంచి చివరిదాకా ఇటుక పెట్టినట్టుంది. ఆ పాత పాటకే మళ్ళీ మెరుగులు దిద్దిన ‘రీమాస్టర్’ అని ఇంకోటి దొరికింది, అదీ ఇటుకే. మన బాలు గారు పాట మధ్యలో చిన్నగా నవ్వుతారే, ఊపిరి తీసుకుంటారే, అవి కూడా ఇందులో పాడినంత గట్టిగా వినిపిస్తున్నాయి, ఎవరో చెవిలో ఊదినట్టు. వాల్యూమ్ పెంచుకోవడం వినేవాడి పని కదా, మాస్టరింగ్ వాళ్ళకెందుకు (అంటే పాట బయటికెళ్ళే ముందు చివరి మెరుగులు దిద్దేవాళ్ళకి)?

ఒంగోలు మిక్సర్:
నేను చేసేది ఆ పనే కాబట్టి చెప్తా. చిన్న గది స్టూడియో నాది, జానపదాలు, భక్తి పాటలు, ఎలక్షన్లప్పుడు పార్టీ పాటలు. పాట చేయించుకునేవాడు నా స్పీకర్లలో వినడు, జేబులోంచి ఫోన్ తీసి పక్కోడి పాట వినిపించి ‘మనది డల్‌గా ఉందేంది’ అంటాడు. లిమిటర్ (గట్టి శబ్దాల్ని అణిచి పాట మొత్తం మోత పెంచేది) కాస్త తిప్పితే ‘ఆ, ఇప్పుడొచ్చింది’ అని డబ్బులిస్తాడు. పోయినేడాది ఒకాయనకు మెత్తగా చేసి పంపితే ఇంకోచోట మోత పెట్టించుకుని నా బాకీ ఎగ్గొట్టాడు.

ఇంకోటి, ఈ పోటీ ఇవాళ పుట్టింది కాదు. గ్రామఫోన్ రికార్డుల కాలంలోనూ ఉంది. కాకపోతే అక్కడ గాడి అడ్డుపడేది. మోత పెంచితే గాడి వెడల్పై రికార్డులో పట్టే నిమిషాలు తగ్గుతాయి, బాస్ మరీ పెంచితే ముల్లు ఎగిరిపడుతుంది. అయినా ఆర్టీసీ బస్సులో వినేవాడికి పాటలో నెమ్మదైన చోటు వినపడి చస్తుందా? వాడికి అంతా ఒక ఎత్తులో ఉంటేనే మేలు.

కావలి క్యాసెట్:
అన్నా, ఆ గాడి అడ్డు పోయాకే కదా గొడవంతా. 1982లో సీడీ వచ్చింది, 16 బిట్లలో, అతి చిన్న శబ్దం నుంచి అతి పెద్ద శబ్దం దాకా దాదాపు 96 డెసిబెల్స్ చోటు. అంత పెద్ద ఇల్లు కట్టుకుని అందరూ అటక మీదే కాపురం పెట్టారు. పైన సున్నా దగ్గర కప్పు ఉంది, దాన్ని దాటలేరు, అందుకని శబ్దం అలల తలలు నరకడం మొదలైంది. 2008లో మెటాలికా అనే రాక్ బ్యాండ్ ‘డెత్ మాగ్నెటిక్’ ఆల్బమ్ అట్లానే వచ్చింది. ఆ పాటలే గిటార్ హీరో వీడియో గేమ్‌లో అంత నొక్కకుండా వచ్చేసరికి ఫ్యాన్స్ రెండూ పోల్చి గేమ్‌లోదే బాగుందని గోల చేశారు.

పెన్నా గట్టు:
చేపల పులుసులో కారం ఎక్కువైతే చేప రుచి తెలీదు. అంతే.

ఒంగోలు మిక్సర్:
నెల్లూరోళ్ళు ఏ చర్చనైనా చేపల పులుసు దాకా తెస్తారు.

దర్శి రేడియో:
నేను అరవై దాటినవాణ్ణి, నిదానంగా చదవండి. ‘ఆ, ఇప్పుడొచ్చింది’ అనేది చెవి చేసే మోసం. అదే పాటను కాస్త పెంచి వినిపిస్తే బాస్ నిండుగా, పైస్వరాలు తేటగా ఉన్నట్టు తోస్తుంది. 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు దీన్ని కొలిచారు. అందుకని గట్టిదాన్ని తగ్గించి, రెండూ సమానం చేసుకునే వినాలి. నిన్న నేనూ ఒక పాట పాతదీ రీమాస్టరూ పెట్టుకుని, రీమాస్టర్‌ను 6 డెసిబెల్స్ తగ్గించి విన్నా. పాతదాంట్లో తబలా మీద చెయ్యి పడటం తెలుస్తోంది, రెండోది అట్టపెట్టె మీద కొట్టినట్టుంది. ఏది ఏదో చెప్పకపోయినా మా ఆవిడ వంటింట్లోంచి ‘ఆ రెండోది ఆపండి, తలనొప్పి’ అంది.

కావలి క్యాసెట్:
పైగా ఇప్పుడు మోతకు ఫలితం కూడా లేదు. స్పాటిఫై, యూట్యూబ్ గట్టి పాటల్ని దాదాపు మైనస్ 14 లఫ్స్‌కి దించేస్తాయి (లఫ్స్ అంటే చెవికి తోచే సగటు మోత కొలత). అన్న మైనస్ 7లో ఇస్తే 7 డెసిబెల్స్ కోత. నరికిన తలలు మాత్రం మళ్ళీ మొలవవు.

ఒంగోలు మిక్సర్:
అది యాప్‌లో తమ్ముడూ. మీ నాన్న విన్నది పెన్‌డ్రైవ్‌లో కదా! ఇక్కడ సెల్ షాపులో మెమరీ కార్డు ఇచ్చి పాటలు ఎక్కించుకునేవాళ్ళు, వాట్సాప్‌లో పంపుకునేవాళ్ళు, పెళ్ళిళ్ళలో డీజే బాక్సులు, వీళ్ళకెవడు దించుతాడు? అక్కడ పక్కోడి పాట అయిపోగానే నాది రావాలి. దర్శి పెద్దాయన చెప్పింది మాత్రం నిజం, సమానం చేసి వింటే నాక్కూడా మెత్తగా చేసిందే బాగుంటుంది.

దర్శి రేడియో:
మరి రెండు రకాలూ చేసి ఇవ్వరాదా?

ఒంగోలు మిక్సర్:
ఇచ్చా పెద్దాయనా. మొన్న ఒక అమ్మవారి పాటకు గట్టిదానికి ‘పెన్‌డ్రైవ్’ అని, మెత్తదానికి ‘యూట్యూబ్’ అని ఫైళ్ళకు పేర్లు పెట్టి మరీ ఇచ్చా. వాళ్ళు పెన్‌డ్రైవ్ ఫైలు యూట్యూబ్‌లో ఎక్కించారు, యూట్యూబ్ ఫైలు డీజేకి ఇచ్చారు. రాత్రి పదకొండింటికి అతను ఫోన్ చేసి సౌండ్ రావడం లేదని నన్ను తిట్టాడు.

కావలి క్యాసెట్:
లింక్ పెట్టన్నా, వింటాం.

ఒంగోలు మిక్సర్:
పెట్టను. దాంట్లో నా పేరుంది.