భద్రాచలం హాస్టళ్లలో హెచ్‌పీవీ టీకా: మంచి మందైతే వార్డెన్ సంతకం సరిపోతుందా?

గోదారి_గట్టు (చర్చ మొదలుపెట్టినవారు):
హెచ్‌పీవీ టీకా (సర్వైకల్ కాన్సర్, అంటే గర్భాశయ ముఖద్వార కాన్సర్ తెచ్చే వైరస్‌ని అడ్డుకునేది) మాట వచ్చినప్పుడల్లా ఖమ్మం గొడవ బయటికొస్తుంది, సగం నిజం సగం పుకారుగా. అందుకే ముందు జరిగింది చెప్తాను. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి ఈ టీకా వేయడం మొదలుపెట్టారు. అమెరికాకు చెందిన పాత్ సంస్థ, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి నడిపిన ప్రాజెక్టు. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది, టీకాలు కంపెనీ ఉచితంగా ఇచ్చింది. గుజరాత్‌లో వడోదర జిల్లాలోనూ ఇలాంటిదే నడిచింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు, అందులో ఐదుగురు మన దగ్గరివాళ్లు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపేసింది.

ఆ చావులకూ టీకాకూ సంబంధం ఉన్నట్టు కనిపించలేదని విచారణ కమిటీ చెప్పింది. కానీ కన్సెంట్ ఫారాల సంగతి అప్పుడే బయటపడింది. మన రాష్ట్రంలో 9,543 ఫారాలుంటే 2,763 ఫారాల మీద సంతకం హాస్టల్ వార్డెన్లది. ఇంకో 1,948 ఫారాల మీద వేలిముద్రలు.

నా దృష్టిలో ఇది పెద్ద తప్పు. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే ప్రశ్న. మీరేమంటారు?

గైనిక్_కాకినాడ:
నేను గైనకాలజిస్టుని. సర్వైకల్ కాన్సర్‌తో మన దేశంలో ఏటా 75 వేల మందికి పైగా ఆడవాళ్లు చనిపోతున్నారు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మూడో స్టేజీలో వస్తారు, తెల్లబట్ట అవుతోందని ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పుకోలేక. ఈ టీకా అప్పటికే మన దేశంలో అనుమతి పొందింది, ప్రైవేటులో డబ్బున్నవాళ్ల పిల్లలు వేయించుకుంటున్నారు. అదే టీకా గిరిజన పిల్లలకి ఉచితంగా అందితే దాన్ని ప్రయోగం అన్నారు. పోలియో చుక్కలకి ఎవరైనా సంతకం అడుగుతారా?

ఈ గొడవతో ఇంకో నష్టం కూడా జరిగింది. రెండు డోసులు చాలా, మూడు కావాలా అని చూడటానికి అప్పట్లో దేశంలో వేరే అధ్యయనం నడుస్తోంది. దాన్నీ అప్పుడే ఆపేయాల్సి వచ్చింది. దాంతో దాదాపు 5 వేల మంది పిల్లలకి ఒక్క డోసే పడింది. ఏళ్ల తరబడి వాళ్లని గమనిస్తే ఆ ఒక్క డోసే బాగా పనిచేస్తోందని తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు చాలనడానికి దొరికిన ఆధారాల్లో మన పిల్లలది ముఖ్యమైనది. లోకానికి దారి చూపించి మనం మాత్రం పదేళ్లకు పైగా ఆగిపోయాం. ఆ పదేళ్లలో టీకా అందని పిల్లల గురించి ఎవరూ మాట్లాడరేం?

పాత_చరిత్రలు:
డాక్టర్ గారూ, మీ బాధ అర్థమైంది. కానీ వైద్య చరిత్రలో అడగకుండా చేసిన పనులన్నీ దుర్మార్గులు చేసినవి కావు. ఆల్బర్ట్ నైసర్ గనేరియా క్రిమిని కనిపెట్టిన మహా పండితుడు. సిఫిలిస్ రాకుండా ఆపే మార్గం వెతుకుతూ 1892లో ఆ జబ్బున్నవాళ్ల సీరం తీసి ఆసుపత్రిలోని ఆడవాళ్లకి ఎక్కించాడు. వాళ్లకి ఒక్క మాట చెప్పలేదు. కొందరికి సిఫిలిస్ వచ్చింది. వాళ్లు వేశ్యలు, ఆ వృత్తి వల్లే వచ్చిందన్నాడు. విచారణ జరిగి జరిమానా పడింది, ఆ గొడవ వల్లే 1900 డిసెంబరులో అప్పటి జర్మనీలోని ప్రష్యా ప్రభుత్వం ఆదేశం తెచ్చింది: విషయం వివరించి, స్పష్టమైన ఒప్పుకోలు తీసుకోవాలి, మైనర్ల మీద అసలు ప్రయోగాలు చేయకూడదు అని. నాజీ డాక్టర్ల విచారణ తర్వాత వచ్చిన న్యూరెంబర్గ్ నియమావళికి 47 ఏళ్ల ముందు!

గైనిక్_కాకినాడ:
ఆ ఆదేశం పూర్తిగా చెప్పండి. రోగ నిర్ధారణకి, చికిత్సకి, టీకాకి అది వర్తించదని అందులోనే ఉంది. జెన్నర్ 1796లో తోటమాలి కొడుకు, ఎనిమిదేళ్ల జేమ్స్ ఫిప్స్‌కి మశూచి టీకా వేశాడు. ఇవాళ్టి ఎథిక్స్ కమిటీ ఏదీ దానికి ఒప్పుకోదు. మశూచి లేని లోకంలో కూర్చుని జెన్నర్ని తప్పుపట్టడం తేలిక.

పాత_చరిత్రలు:
టీకాలకి మినహాయింపు ఉన్నమాట నిజమే. కానీ ఖమ్మంలో జరిగింది మామూలు టీకా కార్యక్రమం కాదు కదండీ. ఎలా అందించాలి, ఎంతమంది వేయించుకుంటారు, ఏం ఇబ్బందులొస్తాయి అని చూడటానికి పెట్టిన అధ్యయనం. చూస్తున్నది ఆ పిల్లలనే. పైగా వాళ్లకి బీమా కూడా లేదని 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం తన 72వ నివేదికలో తప్పుపట్టింది.

టస్కీగీ గుర్తు చేసుకోండి. అలబామాలో 1932 నుంచి 1972 దాకా 399 మంది నల్లజాతి మగవాళ్లకి సిఫిలిస్ ఉందని తెలిసీ వైద్యం చేయకుండా గమనిస్తూ కూర్చున్నారు. పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. ఖమ్మం అంత ఘోరం అనడం లేదు, ఇక్కడ ఇచ్చింది మంచి మందే. నేను చెప్పాలనుకున్నది యూనిస్ రివర్స్ అనే నర్సు గురించి. ఆవిడా నల్లజాతి మనిషే. కారులో పరీక్షలకి తీసుకెళ్లేది, ఇంటికొచ్చి బాగోగులు అడిగేది. శవపరీక్షకి ఒప్పుకుంటే అంత్యక్రియల ఖర్చు ఇస్తారని కుటుంబాలకి చెప్పి ఒప్పించేది కూడా ఆవిడే. డాక్టర్లని చూసి కాదు, ఆవిడని చూసి వాళ్లు నలభై ఏళ్లు నమ్మారు. మన హాస్టల్ వార్డెన్‌ది సరిగ్గా ఆ స్థానం.

నిజం_నిప్పు:
ఇంత చర్చ ఎందుకు? ఐదుగురు పిల్లల్ని విదేశీ టీకా చంపేసింది. అంతే.

గోదారి_గట్టు:
బ్రదర్, ఆ మాట ఇక్కడ వద్దు. రెండు చోట్లా కలిపి పోయిన ఏడుగురిలో ఒకమ్మాయి క్వారీ నీళ్లలో మునిగిపోయింది, ఒకరిది పాముకాటు, ఇద్దరు పురుగుమందు తాగారు, ఇంకొకరిది మలేరియా; మిగతా ఇద్దరి విషయంలో కారణం అంత స్పష్టంగా తేలలేదు, కానీ టీకా వల్ల అయ్యుండే అవకాశం తక్కువన్నారు. ఆ పిల్లల బతుకు ఎలా ఉందో అది చెబుతుంది. దాని మీద కోపం రావాలి.

ఆశ్రమ_మాస్టారు:
ఆశ్రమ పాఠశాలల్లో చాలా ఏళ్లు పనిచేశాను. వార్డెన్ సంతకం అంటే ఏమిటో చెప్తాను. స్కాలర్‌షిప్‌కి, బ్యాంకు ఖాతాకి, రక్తపరీక్షకి, అన్నిటికీ మేమే. కట్ట ముందు పెడతారు, సాయంత్రానికి అయిపోవాలంటారు. పైనుంచి వచ్చిన కాగితం మీద వద్దని రాసే ధైర్యం ఏ వార్డెన్‌కీ ఉండదు. ఖమ్మంలో హెడ్మాస్టర్లు, వార్డెన్లు సంతకం పెట్టొచ్చని ప్రభుత్వమే చెప్పింది, అంటే అడిగిందీ ఒప్పుకున్నదీ ప్రభుత్వమే.

డాక్టరమ్మ గారు పోలియో చుక్కలన్నారు. అక్కడ బిడ్డని తల్లే ఎత్తుకొస్తుంది, ఇష్టం లేకపోతే తలుపేసుకుంటుంది. హాస్టల్ పిల్లకి ఆ తలుపు లేదు.

ఇంకో సంగతి. ఈ కాన్సర్ వైరస్ సోకిన పదిహేను, ఇరవై ఏళ్లకి వస్తుందని మీరే చెప్తారు. ప్రాజెక్టు మొదలైంది జూలైలో. ఆ ఏడు దసరా సెప్టెంబరు ఆఖర్లో వచ్చింది. సెలవులకి పిల్లల్ని తీసుకెళ్లడానికి తల్లో తండ్రో వస్తారు. వరండాలో కూర్చోబెట్టి కోయవాళ్లకి కోయలో, మిగతావాళ్లకి తెలుగులో చెప్తే సరిపోయేది. రెండున్నర నెలలు ఆగితే ఏ పిల్లకి ఏం నష్టం జరిగేది?

గైనిక్_కాకినాడ:
మాస్టారూ, దసరా దాకా ఆగొచ్చన్నది ఒప్పుకుంటాను, తొందరపడాల్సిన జబ్బు కాదు. కానీ దసరాకి కూడా ఎవరూ రాని పిల్లలుంటారు. తండ్రి లేడు, తల్లి మిరప కోతలకి వలస పోయింది. ఆ పిల్లకి సంతకం పెట్టేవాళ్లు లేరని టీకా ఆపితే, ముప్పై ఏళ్ల తర్వాత నా టేబుల్ మీదికి వచ్చేది ఆ పిల్లే. అందరికంటే అవసరమున్న పిల్లే జారిపోతుంది. అలాంటిచోట వార్డెన్ సంతకం పెట్టడం నాకు తప్పనిపించదు.

ఆశ్రమ_మాస్టారు:
అలాంటి పిల్లలుంటారు, నేను చూశాను. కానీ వాళ్లు 2,763 మంది ఉండరు డాక్టరమ్మా. ఉన్న కొద్దిమంది కోసం ఏఎన్ఎం ఆ ఊరికి వెళ్లి అమ్మమ్మనో మేనమామనో అడగొచ్చు. వెళ్లడానికి జీపు, డీజిలు, రెండు రోజుల బత్తా కావాలి. అంత పెద్ద ప్రాజెక్టు బడ్జెట్‌లో దానికి చోటు లేదంటే నేను నమ్మను.